కొట్టిన బిల్లులో తప్పు పడితే దిద్దాల్సింది కాగితాన్నా, రిటర్న్‌నా?

మీరు అడిగింది ఇదీ. విజయవాడలో మీది స్టీలు సామాన్ల హోల్‌సేల్ షాపు. పోయిన నెల బిల్లుల్లో రెండు తప్పులు దొర్లాయి. ఒకటి, హైదరాబాద్‌కు పంపిన సరుకుకు అదే పార్టీ విజయవాడ బ్రాంచి జీఎస్‌టీ నంబరు వేసి సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ (రాష్ట్రం లోపలి అమ్మకం మీద కేంద్రానికీ, రాష్ట్రానికీ పడే పన్నులు) వసూలు చేశారు. రెండోది, ఊళ్లోనే ఉన్న ఇంకో పార్టీకి కొట్టిన లక్ష రూపాయల బిల్లులో 5 శాతం పడాల్సిన చోట పాత 12 శాతం పడింది. జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్న్) వేసేశారు, 3బి (పన్ను కట్టే రిటర్న్) ఇంకా వేయలేదు. ఇన్‌పుట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును తమ పన్నులోంచి తగ్గించుకునే సొమ్ము) సరిగా రాలేదని పార్టీలు డబ్బు ఆపేశాయి. సాఫ్ట్‌వేర్‌లో ఆ బిల్లులు తెరిచి మార్చేసి, మళ్లీ ప్రింటు తీసి పంపితే సరిపోదా అన్నది మీ ప్రశ్న.

సరిపోదండి. ఆ ఒక్క పని మాత్రం చేయకండి. రాష్ట్రంలో వ్యాట్ వచ్చిన 2005 నుంచీ నేను చిన్న షాపుల లెక్కలు చూస్తున్నాను. బిల్లులో తప్పు పడినందువల్ల దెబ్బతిన్నవాళ్ల కంటే, ఆ తప్పును గుట్టుగా దిద్దబోయి దెబ్బతిన్నవాళ్లనే ఎక్కువమందిని చూశాను.

ఒక హార్డ్‌వేర్ వ్యాపారి సంగతి చెబుతాను. ఒక బిల్లులో పదిహేను పెట్టెల సరుకు వెళ్లింది, రెండు పెట్టెలు వెనక్కి వచ్చాయి. ఆయన గుమాస్తా మూడు వారాల తర్వాత అదే బిల్లు తెరిచి పదిహేనును పదమూడు చేసి, అదే నంబరు మీద సేవ్ చేశాడు. కొన్నవాళ్ల ఫైల్లో మాత్రం పదిహేను పెట్టెల పాత బిల్లే ఉంది, వాళ్లు దాని మీదే ఇన్‌పుట్ తీసుకున్నారు. ఏడాదిన్నర తర్వాత తనిఖీలో అధికారి ఆ రెండు కాగితాలనూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. నంబరు ఒకటే, తేదీ ఒకటే, మొత్తాలు రెండు. రెండు పెట్టెల మీద పన్ను నిజానికి ఎంతో లేదు. కానీ ఒకే నంబరు మీద రెండు బిల్లులు కనపడ్డాక ఆయన మిగతా బిల్లుల్ని నమ్మడం మానేశాడు. ఆ ఏడాది దిద్దిన ప్రతి బిల్లుకూ సంజాయిషీ రాయాల్సి వచ్చింది. సరుకు తిరిగి వచ్చిన రోజే ఒక క్రెడిట్ నోట్ (పాత బిల్లు మొత్తాన్ని తగ్గిస్తూ ఇచ్చే కాగితం) రాసుంటే ఇదేదీ జరిగేది కాదు.

కాబట్టి ఏ తప్పు కనపడినా ముందు ఒక ప్రశ్న వేసుకోండి: తప్పు కాగితంలో ఉందా, రిటర్న్‌లో ఉందా? బిల్లు మీద అంతా సరిగ్గా ఉండి, జీఎస్‌టీఆర్-1లో ఎక్కించేటప్పుడు 54,000 కాస్తా 45,000 అయిందనుకోండి, అది రిటర్న్ తప్పు. దాన్ని రిటర్న్‌లోనే దిద్దాలి, బిల్లు జోలికి పోనక్కర్లేదు. పార్టీ చేతికి వెళ్లిన బిల్లు మీదే తప్పు అంకె ఉంటే అది కాగితం తప్పు. దాన్ని ఇంకో కాగితంతో దిద్ది, ఆ కొత్త కాగితాన్ని రిటర్న్‌లో చూపించాలి. కాగితం తప్పును రిటర్న్‌లో మాత్రమే దిద్దితే పార్టీ దగ్గరున్న బిల్లుకూ, వాళ్ల 2బిలో (కొన్నవారికి వచ్చే ఇన్‌పుట్‌ను పోర్టల్ చూపించే పట్టికలో) కనపడే అంకెకూ పొంతన ఉండదు. అక్కడే డబ్బు ఆగిపోతుంది. మీ రెండు తప్పులూ కాగితం తప్పులే.

బిల్లు ఇంకా గడప దాటకపోతే సంగతి వేరు. సరుకు కదలకముందే తప్పు చూసుకుంటే ఆ బిల్లును రద్దు చేసి కొత్త నంబరుతో ఇంకోటి కొట్టుకోవచ్చు. సరుకు బిల్లుకు మూడు ప్రతులు ఉండాలి కదా, కొన్నవారికి ఒకటి, లారీవాళ్లకు ఒకటి, మనకు ఒకటి. ఆ మూడింటినీ దగ్గర పెట్టుకుని, అడ్డంగా గీత కొట్టి 'రద్దు' అని రాసి ఫైల్లో ఉంచండి. చింపేయకండి. జీఎస్‌టీఆర్-1లో 13వ టేబుల్ అని ఒకటి ఉంటుంది, చాలామంది దాన్ని మొక్కుబడిగా నింపేస్తారు. ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా బిల్లులు వాడారు, అందులో ఎన్ని రద్దయ్యాయి అన్నది చెప్పాల్సింది అక్కడే. వరసలో ఒక నంబరు ఎందుకు లేదని రేపు ఎవరైనా అడిగితే జవాబు ఆ టేబుల్లోనూ, ఆ మూడు ప్రతుల్లోనూ ఉంటుంది.

ఇక మీ రెండో బిల్లు ముందు చూద్దాం, అది తేలిక. స్టీలు వంటసామాన్ల మీద పన్ను 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం పోయి 5 శాతం అయింది. మీ సాఫ్ట్‌వేర్‌లో చాలా ఐటమ్‌లు మార్చి, ఏదో ఒక సైజు దగ్గర పాత రేటు వదిలేసి ఉంటారు. లక్ష మీద 12,000 వేశారు, వేయాల్సింది 5,000. అంటే 7,000 ఎక్కువ పడింది. వేయాల్సిన దానికంటే ఎక్కువ పన్ను వేసినప్పుడు, సరుకు తిరిగి వచ్చినప్పుడు, సరుకులో లోపం ఉన్నప్పుడు క్రెడిట్ నోట్ ఇమ్మని చట్టంలోని 34వ సెక్షన్ చెబుతోంది. మీది అందులో మొదటి రకం. ఇవాళ్టి తేదీతో, క్రెడిట్ నోట్లకు ఉన్న వరస నంబరుతో ఒకటి రాయండి. పాత బిల్లు నంబరూ తేదీ అందులో తప్పకుండా ఉండాలి. 'ఫలానా బిల్లులో 5 శాతానికి బదులు 12 శాతం పన్ను వేసినందున ఎక్కువ పడిన సీజీఎస్‌టీ 3,500, ఎస్‌జీఎస్‌టీ 3,500, మొత్తం 7,000 రూపాయలు తగ్గించడమైనది' అని కారణం విడమరిచి రాయండి. 'తేడా సర్దుబాటు' అని రెండు ముక్కల్లో ముగించేవాళ్లున్నారు. రెండేళ్ల తర్వాత ఆ తేడా ఏమిటో రాసినవాళ్లకే గుర్తుండదు.

దీన్ని జీఎస్‌టీఆర్-1లో 9బి టేబుల్లో చూపించాలి. రేటు తేడా మాత్రమే కాబట్టి సరుకు విలువ సున్నా ఉంచి పన్ను అంకెలు మాత్రం ఎక్కించవచ్చు. కొన్ని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు విలువ సున్నా పెడితే ఒప్పుకోవు. అలాంటప్పుడు మొత్తం లక్షకూ 12 శాతంతో క్రెడిట్ నోట్ రాసి, వెంటనే 5 శాతంతో కొత్త బిల్లు కొట్టడం రెండో దారి. నాకు మొదటి పద్ధతే ఇష్టం, ఎందుకంటే సరుకు ఒక్కసారే అమ్మినట్టు లెక్కల్లో నిలుస్తుంది.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. మీరు ఇవాళ రాసే క్రెడిట్ నోట్ ఈ నెల రిటర్న్‌లోకే వస్తుంది. పోయిన నెల 3బిలో 12,000 కట్టాల్సిందే, ఆ 7,000 తగ్గింపు వచ్చే నెల కనపడుతుంది. ఒక్క నెల ఆగడం ఇష్టం లేక క్రెడిట్ నోట్‌కు పాత తేదీ వేసేవాళ్లు ఉన్నారు. ఆ నెల జీఎస్‌టీఆర్-1 వేసిన తేదీ పోర్టల్లో ఉంటుంది, ఈ పాత తేదీ అబద్ధమని అదే చెప్పేస్తుంది. ఏడు వేల కోసం అంత పని వద్దు.

జీఎస్‌టీఆర్-1ఏ ఉంది కదా అని మీకు సందేహం రావచ్చు. 2024 జూలై నెల రిటర్న్‌ల నుంచి అది వచ్చింది. జీఎస్‌టీఆర్-1 వేశాక, 3బి వేయకముందు, నెలకు ఒక్కసారి దాన్ని వాడుకుని ఆ నెల వివరాలు దిద్దుకోవచ్చు. మంచి సదుపాయం. ఒకప్పుడు 1లో తప్పు పడినా 3బిలో అంకె మార్చి సర్దేవాళ్లం. ఇప్పుడు అమ్మకాల పన్ను అంకెలు 1 నుంచీ 1ఏ నుంచీ వచ్చి కూర్చుంటాయి, 3బిలో చేత్తో మార్చే దారి మూసుకుపోయింది. కాబట్టి ఎక్కించడంలో పడిన తప్పుకు, మరిచిపోయిన బిల్లుకు 1ఏ వాడండి. కొన్నవారి జీఎస్‌టీ నంబరు మార్చడానికి మాత్రం అందులో వీలు లేదు. అది తర్వాతి నెల జీఎస్‌టీఆర్-1లో, పాత బిల్లుల వివరాలు దిద్దే 9ఏ టేబుల్ ద్వారానే జరగాలి. మీ 12 శాతం బిల్లుకు కూడా 1ఏ సరైన మందు కాదు. పార్టీ చేతిలో 12,000 అని రాసున్న కాగితం అలాగే ఉండిపోతుంది మరి.

ఇప్పుడు మొదటి బిల్లు. అసలు చిక్కు ఇక్కడుంది, కాస్త నిదానంగా చదవండి. జీఎస్‌టీ నంబరులో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండు రాష్ట్రం కోడు, తర్వాతి పది ఆ పార్టీ పాన్ నంబరు. చివరి అక్షరాన్ని ముందున్న వాటిని బట్టి లెక్కగట్టి ఇస్తారు. అందుకే మధ్యలో ఒక అంకె పొరపాటుగా కొడితే సాధారణంగా సాఫ్ట్‌వేరే పట్టేస్తుంది. అది పట్టలేనిది, పూర్తిగా సరైన ఇంకో నంబరు వేసినప్పుడు. తెలంగాణ కోడు 36, ఆంధ్రప్రదేశ్ కోడు 37. రెండు రాష్ట్రాల్లోనూ షాపులున్న పార్టీకి పేరు ఒకటే, పాన్ ఒకటే, నంబర్లు మాత్రం రెండు. రాష్ట్రం విడిపోయాక మన రెండు వైపులా ఈ తప్పు పడినంతగా ఇంకేదీ పడదని నా అనుభవం. బిల్లు కొట్టేటప్పుడు ఖాతాల జాబితాలో ఒకే పేరు రెండు వరసలుగా కనపడుతుంది, చెయ్యి పైదాని మీద పడుతుంది.

సరుకు హైదరాబాద్‌లో దిగింది కాబట్టి అది రాష్ట్రం దాటిన అమ్మకం, ఐజీఎస్‌టీ పడాలి. మీరు 37 నంబరు ఎంచుకోగానే సాఫ్ట్‌వేర్ తన లెక్క ప్రకారం సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ వేసేసింది. హైదరాబాద్ బ్రాంచికి ఇక్కడి ఎస్‌జీఎస్‌టీ ఎందుకూ పనికిరాదు. అసలు ఆ బిల్లు వాళ్ల 2బిలో కనపడనే కనపడదు, విజయవాడ బ్రాంచి 2బిలో కనపడుతుంది. వాళ్లు డబ్బు ఆపడంలో న్యాయం ఉంది, దాన్ని మనసులో పెట్టుకోకండి.

దీనికి రెండు దారులున్నాయి. 77వ సెక్షన్ ప్రకారం ఇప్పుడు ఐజీఎస్‌టీ కట్టి, పొరపాటున కట్టిన సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీని వాపసు అడగవచ్చు. సరైన పద్దు కింద పన్ను కట్టిన రోజు నుంచి రెండేళ్ల లోపు దరఖాస్తు చేయాలి. ఇలా ఒక పద్దుకు బదులు ఇంకో పద్దులో కట్టిన సందర్భంలో వడ్డీ అడగరు. రెండో దారి, పాత బిల్లు మొత్తానికీ క్రెడిట్ నోట్ రాసి, 36 నంబరు మీద ఐజీఎస్‌టీతో కొత్త బిల్లు కొట్టడం. ఏదో ఒకటే ఎంచుకోండి. క్రెడిట్ నోట్‌తో సర్దుకున్న పన్నుకు మళ్లీ వాపసు రాదని 2021 సెప్టెంబర్ 25 నాటి 162వ సర్క్యులర్‌లో స్పష్టంగా చెప్పారు.

తప్పు పోయిన నెలదే, గడువు చాలా ఉంది కాబట్టి మీకు నేను చెప్పేది క్రెడిట్ నోట్ దారి. వాపసు దరఖాస్తు అంటే కాగితాలు, ప్రశ్నలు, ఎదురుచూపు. చిన్న షాపుకు అంత సొమ్ము ఇరుక్కుపోతే చేతిలో పెట్టుబడి ఆడదు. ఏళ్ల తర్వాత తనిఖీలో బయటపడి, క్రెడిట్ నోట్ గడువు దాటిపోయిన కేసుల్లో 77వ సెక్షన్ దేవుడిలా ఆదుకుంటుంది. కొత్త బిల్లు మీద పాత బిల్లు నంబరూ, క్రెడిట్ నోట్ నంబరూ రాసి, 'సరుకు ఇదివరకే ఫలానా తేదీన, ఫలానా ఈ-వే బిల్లు మీద పంపబడింది' అని ఒక వాక్యం చేర్చండి. అది లేకపోతే ఒకే సరుకు రెండుసార్లు వెళ్లిందా అన్న అనుమానం వస్తుంది. పాత ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు పోర్టల్లో తీసే పత్రం) కాపీని ఈ రెండింటితో కలిపి ఒకే పిన్నుకు గుచ్చి ఉంచండి.

మీది కాదు గానీ దీనికి దగ్గరగా ఉండే ఇంకో తప్పు చాలామందికి పడుతుంది. రాష్ట్రం అదే, పన్ను అదే, సరుకు అదే, కొన్నవారి జీఎస్‌టీ నంబరు ఒక్కటే పొరపాటున వేరేవాళ్లది పడింది. అంకెలేవీ మారవు కాబట్టి ఇక్కడ నేను క్రెడిట్ నోట్ దాకా వెళ్లను. తర్వాతి నెల 9ఏ టేబుల్లో నంబరు దిద్దుతాం. పార్టీ దగ్గర నుంచి పాత ప్రతి వెనక్కి తెప్పించి గీత కొట్టి దాస్తాం, అదే నంబరు తేదీలతో సరిచేసిన ప్రతి మీద సంతకం చేసి ఇస్తాం, ఇచ్చినట్టు వాళ్ల దగ్గర ఒక లెటర్ తీసుకుంటాం. హార్డ్‌వేర్ వ్యాపారి చేసిన దానికీ దీనికీ తేడా అదే. పాత ప్రతి వెనక్కి వచ్చింది, ఎందుకు మారిందో రాతలో ఉంది, పన్ను పైసా కూడా మారలేదు. రూపాయి మారిందా, ఆ పద్ధతి పనికిరాదు.

చాలామంది ఈ సరిచేసిన ప్రతి మీద 'రివైజ్డ్ ఇన్‌వాయిస్' అని ముద్ర కొడుతున్నారు. ఆ మాట వాడకండి. చట్టంలో రివైజ్డ్ ఇన్‌వాయిస్ అనేది కొత్తగా రిజిస్ట్రేషన్ తీసుకున్నవారి కోసం పెట్టినది. రిజిస్ట్రేషన్ వర్తించిన రోజుకీ సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజుకీ మధ్య కొట్టిన బిల్లులకు పన్నుతో మళ్లీ బిల్లు ఇవ్వడానికి అది. మామూలు తప్పుల దిద్దుబాటుకూ దానికీ సంబంధం లేదు.

తక్కువ పన్ను వేసిన సందర్భం మీకు రాలేదు, సంతోషం. వస్తే డెబిట్ నోట్ (తగ్గిన మొత్తాన్ని అదనంగా అడిగే కాగితం) ఇవ్వాలి, పైగా ఏడాదికి 18 శాతం వడ్డీ. 18 శాతం వేయాల్సిన లక్ష రూపాయల సరుకుకు 5 శాతమే వేశారనుకోండి, తగ్గిన పన్ను 13,000. 90 రోజులు ఆలస్యంగా కడితే వడ్డీ దాదాపు 577 రూపాయలు. ఇది మోయగలిగిన భారమే. కానీ ఆ 13,000 పార్టీ మీకు ఇస్తుందా అన్నదే అసలు బెంగ. రిజిస్ట్రేషన్ ఉన్న పార్టీ అయితే డెబిట్ నోట్ మీద ఇన్‌పుట్ వస్తుంది కాబట్టి ఇస్తారు. మామూలు కొనుగోలుదారుడైతే అది మీ జేబులోంచే పోతుంది.

గడువు సంగతి. అమ్మకం జరిగిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30, లేదా మీరు వార్షిక రిటర్న్ వేసిన రోజు, ఈ రెండింటిలో ఏది ముందైతే అది. 2025-26లో కొట్టిన బిల్లుల పన్ను క్రెడిట్ నోట్లకూ, రిటర్న్ దిద్దుబాట్లకూ 2026 నవంబర్ 30 ఆఖరు. అంతకంటే ముందే వార్షిక రిటర్న్ వేసేస్తే ఆ రోజుతోనే తలుపు మూసుకుంటుంది. తర్వాత కూడా పార్టీకి మీరు డబ్బు తగ్గించి క్రెడిట్ నోట్ ఇవ్వచ్చు, కానీ అందులో పన్ను ఉండకూడదు. అంటే కట్టిన పన్ను పోయినట్టే. అందుకే ఏప్రిల్‌లో ఒక పూట కూర్చుని ఏడాది బిల్లులన్నీ ముఖ్యమైన పార్టీల లెడ్జర్లతో సరిచూసుకోమని నా దగ్గరికి వచ్చేవాళ్లందరికీ చెబుతాను. నవంబర్‌లో అందరూ పరుగెడతారు, ఎవరి ఫోనూ దొరకదు.

అమ్మకాలు 5 కోట్లు దాటి ఈ-ఇన్‌వాయిస్ వర్తించేవాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకు ఒక మాట. ఐఆర్‌ఎన్ (ఈ-ఇన్‌వాయిస్‌కు పోర్టల్ ఇచ్చే ప్రత్యేక నంబరు) వచ్చాక ఆ బిల్లులో ఒక్క అక్షరం కూడా మార్చలేరు. 24 గంటల్లోపు మొత్తం బిల్లును రద్దు చేయవచ్చు, అదీ దాని మీద ఈ-వే బిల్లు నడుస్తూ ఉండకపోతేనే. రద్దు చేసిన నంబరు మళ్లీ వాడటానికి కుదరదు. 24 గంటలు దాటితే క్రెడిట్ నోటే గతి.

అలాగని ప్రతి అచ్చుతప్పుకూ గుండెలు బాదుకోనక్కర్లేదు. దారిలో తనిఖీ జరిగితే పేరులో ఒక అక్షరం తప్పిందని లారీ ఆపేస్తారేమోనని భయపడేవాళ్లు చాలామంది. 2018 సెప్టెంబర్ 14 నాటి 64వ సర్క్యులర్ ప్రింటు ఒకటి డ్రైవరు చేతికి ఇచ్చి పంపండి. జీఎస్‌టీ నంబరు సరిగా ఉండి పేరులో అక్షరం తప్పినా, లారీ నంబరులోనో బిల్లు నంబరులోనో ఒకటి రెండు అంకెలు తేడా పడినా, హెచ్‌ఎస్‌ఎన్ (సరుకు రకాన్ని చెప్పే) కోడులో మొదటి రెండు అంకెలూ పన్ను రేటూ సరిగా ఉండి మిగతావి తప్పినా, సరుకు పట్టుకుని పెద్ద జరిమానాలు వేయకూడదని అందులో ఉంది. అలాంటి వాటికి సీజీఎస్‌టీ కింద 500, ఎస్‌జీఎస్‌టీ కింద 500 జరిమానాతో వదిలేయాలి. చట్టంలోని 126వ సెక్షన్ కూడా 5,000 రూపాయల లోపు పన్ను ఉన్న చిన్న ఉల్లంఘనలకు జరిమానా వద్దంటోంది.

చివరిగా ఫోన్ల పని. క్రెడిట్ నోట్ పోర్టల్లో ఎక్కించే ముందు రెండు పార్టీల అకౌంటెంట్లతోనూ మాట్లాడండి. 2024 అక్టోబర్ నుంచి ఐఎంఎస్ (కొన్నవారు పోర్టల్లో బిల్లుల్ని, నోట్లను ఒప్పుకునే లేదా తిరస్కరించే ఏర్పాటు) వచ్చింది కదా, మీ క్రెడిట్ నోట్ అక్కడ వాళ్లకు కనపడుతుంది. విషయం తెలియక వాళ్లు తిరస్కరిస్తే మీరు తగ్గించుకున్న పన్ను తర్వాతి 3బిలో మళ్లీ మీ నెత్తిన పడుతుంది. ఊళ్లో పార్టీ 12,000 ఇన్‌పుట్ తీసుకుని ఉంటే అందులో 7,000 వెనక్కి వేయాలి. వాళ్లు వెనక్కి వేయకపోతే మీకు తగ్గింపు నిలవదు. విజయవాడ బ్రాంచివాళ్లు ఆ బిల్లు మీద అసలు ఇన్‌పుట్ ఉంచుకోకూడదు. వెనక్కి వేశామని ఇద్దరి దగ్గరా ఒక మెయిల్ తెప్పించుకోండి, వాట్సాప్ మెసేజ్ అయినా ఫర్వాలేదు, ప్రింటు తీసి పెట్టుకోండి.

ఊళ్లో పార్టీ ఖాతాలో ఆ 7,000 జమ ఇవాళే వేసి, కొత్త బాకీ 1,05,000 అని స్టేట్‌మెంట్ పంపేయండి. పోర్టల్లో కనపడేదాకా వాళ్లను ఆగమనడం బాగుండదు. హైదరాబాద్‌వాళ్లకు కొత్త బిల్లు మెయిల్‌లో ఇప్పుడే పంపి, 'వచ్చే నెల 14న మీ 2బిలో ఐజీఎస్‌టీతో కనపడుతుంది, చూసుకుని డబ్బు వేయండి' అని చెప్పండి. మీరు జీఎస్‌టీఆర్-1ను 11వ తేదీ దాటనీయకుండా వేస్తేనే ఆ మాట నిలబడుతుంది. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ఆ రెండు ఖాతాల పేర్ల చివర 'హైదరాబాద్ 36', 'విజయవాడ 37' అని చేర్చండి. ఐటమ్‌ల జాబితా ప్రింటు తీసి, 12 శాతం అని ఇంకెక్కడైనా మిగిలిందేమో ఒక్కో గీతా చేత్తో టిక్ పెట్టుకుంటూ చూడండి. ఒక గిన్నె సైజు దగ్గర వదిలేసినవాళ్లు మూత దగ్గర కూడా వదిలేసే ఉంటారు.